ఆషాఢంలో కంప్యూటర్‌కు వీడియో తీసిన రోజు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఉత్తరాలు చాలా రాశాను. "తమరి లేఖ అందినది" దగ్గర మొదలై "తగు చర్య తీసుకొనబడును" దగ్గర ఊపిరి వదిలే ఉత్తరాలు. వాటిలో ఒకే ఒక్కదాన్ని పదిమంది చూస్తుండగా నా పెన్నుతో నేనే కొట్టేసి, దిద్ది, మళ్లీ సంతకం పెట్టాను. ఇది ఆ ఉత్తరం కథ.

ఈ మధ్య మా వీధిలో ఉండే ఒక అమ్మాయి తన లాప్‌టాప్ చూపించింది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంది. మీట నొక్కితే తెర మీద జరిగేదంతా సినిమాలా రికార్డయిపోతుంది. ఆ పక్కనే, మిషన్ ఎంత ఆయాసపడుతోందో, దాని జ్ఞాపకశక్తిలో ఎంత ఖర్చయిందో గీతలు ఎక్కుతూ దిగుతూ కనిపిస్తాయి. ప్రోగ్రాము ఎక్కడ బోల్తాపడిందో వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. "మీ రోజుల్లో ఏం చేసేవాళ్లు అంకుల్?" అంది. "పెళ్లిళ్లకు వీడియో తీసే భాయిని పిలిపించుకున్నాం" అన్నాను. పకపకా నవ్వి, చాయ్ తాగి వెళ్లిపోయింది. హాస్యానికి అన్నాననుకుంది పాపం. నా హాస్యాలకు ఎవరూ అంతగా నవ్వరు. నిజం చెప్పినప్పుడే నవ్వుతారు.

మాది పాలమూరు వైపు పల్లె. తొంభైల నడుమ హైదరాబాద్‌లో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాడిని. ఎంత చిన్నదంటే, ఇద్దరు ఒకేసారి కుర్చీలు వెనక్కి జరిపితే మూడోవాడు వరండాలోకి పోవాల్సిందే. ఆ మూడోవాడు సాధారణంగా నేనే.

భువనగిరికి కొంత దూరంలో ఒక ఊరి చేనేత సంఘం వాళ్లకు అప్పట్లో ఒక కంప్యూటర్ వచ్చింది. చీరల డిజైన్లు గీయడానికి దానికో ప్రోగ్రాము కావాలన్నారు. అక్కడ నేసేవి చిటికి కట్టిన చీరలు. అంటే నూలును ముందే, నేయకముందే, ఎక్కడెక్కడ రంగు పట్టకూడదో అక్కడక్కడ సైకిలు ట్యూబు రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఆ నూలు మగ్గం ఎక్కాక ఏనుగో చిలకో దానంతటదే తేలుతుంది. దానికి ముందు గళ్ల కాగితం మీద గడి గడికీ రంగు వేసుకొని లెక్క చూసుకోవాలి. ఆ గళ్ల కాగితాన్ని తెర మీదికి తేవడమే నా పని. గడి మీద మౌస్ పెట్టి నొక్కితే రంగు పడుతుంది. తేలికైన ప్రోగ్రామే. తేలికైనవాటిలోనే నేను ఎక్కువగా మునిగాను.

ఆ సంఘంలో డిజైన్లు గీసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అరవై దాటినవాడు. నలభై ఏళ్లు గుంట మగ్గంలో కాళ్లు పెట్టి నేసి నేసి కుడి మోకాలు పట్టేసింది. గుంటలో దిగితే ఎక్కలేడు. అందుకే సంఘం వాళ్లు ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. నేను భయపడ్డాను కానీ, ఆయన మౌస్ పట్టుకున్న తీరు చూసి నాకే సిగ్గనిపించింది. నూలుపోగు పట్టుకున్నట్టు, రెండు వేళ్లతో.

"గిది ఎలుక అంటరట గదా సారూ" అన్నాడు మొదటిరోజు.

"అవును తాతా."

"మా ఇంట్ల ఎలుకలు నూలు కొరుకుతయి. గిదన్న జర గీతలు గీస్తది. మంచిదే."

నెల తిరగకముందే ఫిర్యాదు వచ్చింది. ప్రోగ్రాము రోజూ మధ్యాహ్నం భోజనం వేళకు పడిపోతోంది. ముందు ఒకటి రెండు గళ్లు నల్లబడతాయి. తర్వాత తెర పై అంచున ఉండే మాటలు మాయమవుతాయి. ఆ తర్వాత మౌస్ ఎంత ఊపినా తెర కదలదు. మిషన్ ఆపి మళ్లీ వేస్తే గానీ లేవదు. పొద్దుటి నుంచి గీసిందంతా పోతుంది. ఆ మిషన్‌కు ఆకలి వేస్తోందని ఊళ్లో ఒక మాట పుట్టింది. పెద్దాయన దాని ముందు తన టిఫిన్ డబ్బా మూత తీసి పెట్టి చూశాడని కూడా విన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కాదని కూడా అనలేదు.

వెళ్లాను. ఒక పూటంతా ఆయన పక్కన కూర్చున్నాను. ప్రోగ్రాము చెక్కుచెదరలేదు. ఇంకోసారి వెళ్లాను. అప్పుడూ అంతే. నేను బస్సెక్కిన మర్నాడు మళ్లీ పడిపోయింది. నేను పక్కనుంటే నాకు చాయ్ తెప్పించి, మా పాలమూరు వానల గురించి అడిగి, పని సగమే చేసేవాడని నాకు తట్టలేదు. ఆయన మర్యాదే నా కళ్లకు గంతలు కట్టింది.

ఒక్కటి మాత్రం గమనించాను. ఆయన చీర ఒడలు అంతా ముందు ఎర్రగా నింపుకునేవాడు. దాని మీద పువ్వు గీయాలంటే, గడికి నేరుగా పసుపు పెట్టేవాడు కాదు. మొదట గడిని తెల్లగా చేసేవాడు. ఆ తర్వాత పసుపు. ప్రతి గడికీ అంతే. రెండు నొక్కులు.

"తాతా, గట్ల అక్కర్లేదు. ఎరుపు మీద సీదా పసుపు పెట్టొచ్చు" అన్నాను.

ఆయన నన్ను చిన్నపిల్లవాణ్ని చూసినట్టు చూశాడు. "ఎరుపు మీద పసుపు ఎక్కుతదా బిడ్డా? మీ పట్నంల నూలు గట్లుంటదా?"

"గిది నూలు కాదు గదా."

"నూలు కాదు సరే. చీర గావాలె గదా రేపు."

నేను నవ్వి ఊరుకున్నాను. పెన్ను తీసి పుస్తకంలో "అనవసరపు అలవాటు" అని రాసుకున్నాను. తాళంచెవి చేతికి వస్తే దాంతో చెవి గోక్కున్నవాణ్ని నేను.

హైదరాబాద్‌లో మా మేనేజరు కోస్తా వైపు మనిషి. చాలా మర్యాదస్తుడు, తిట్టినా 'అండీ' చేర్చేవాడు. "చూడండీ, లోపం అనే మాట మన నోట రాకూడదండీ. ఉత్తరం రాసి పారేయండి" అన్నాడు. రాసి పారేశాను. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: "ప్రోగ్రామునందు లోపమేమియు లేదు. వాడు వ్యక్తి యొక్క అలవాట్ల వలన ఇబ్బంది కలుగుచున్నది."

వాడు వ్యక్తి అంటే ప్రోగ్రామును వాడే మనిషి, అంటే పెద్దాయన. చూడండి, ఎంత గంభీరంగా ఉందో. అబద్ధానికి గ్రాంథికం చక్కగా నప్పుతుంది.

పది రోజులు కాలేదు. ఒక ఉదయం మా ఆఫీసు వరండాలో పెద్దాయన కూర్చొని ఉన్నాడు. అంటే నా చోటులో. మోకాలికి గుడ్డ చుట్టుకొని, ఒళ్లో టిఫిన్ డబ్బాతో. రెండు బస్సులు మారి వచ్చాడు. నా ఉత్తరం సంఘంలో చదివి వినిపించారట. భువనగిరిలో కంప్యూటర్ కోర్సు చేసిన మనిషి ఒకతను ఉన్నాడు, పెద్దాయనను తీసేసి అతన్ని పెడదామని అన్నారట. సోమవారం కమిటీ కూర్చొని తీర్మానం రాస్తారు. పెద్దాయనకు మళ్లీ మగ్గమే.

నేను సంజాయిషీ ఏదో మొదలుపెట్టబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు తప్పు రాసినవని రాలే సారూ. చదువుకున్నోనివి, చూసే రాసి ఉంటవు. నా చేతుల తప్పు ఏడున్నదో జర సూపియ్యి. దిద్దుకుంట. గుంటల దిగితే గీ కాలు మళ్ల పైకి రాదు."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఎదురు చెప్పడం నాకు వచ్చు. తప్పు చూపించమని అడిగితే ఏం చేయాలో రాదు. ఆయన చేతిలో తప్పు ఎక్కడుందో నాకు తెలియదు కదా. తెలియకుండానే రాశాను.

ఆయన్ని బస్సెక్కించి వచ్చి ఆలోచించాను. నేను పక్కనుంటే ఆయన మామూలుగా పనిచేయడు. లేకపోతే నాకు కనిపించదు. నేను లేకుండా చూడాలి. అంటే నా కన్ను అక్కడ ఉండాలి, నేను ఉండకూడదు. తెర మీది పనిని రికార్డు చేసే ప్రోగ్రాములు అప్పుడు ఎక్కడైనా ఉన్నాయేమో, మా దాకా మాత్రం రాలేదు. పైగా ఆ మిషన్ తన పని తానే మోయలేక చస్తుంటే, పక్కన ఇంకో ప్రోగ్రామును దాని నెత్తిన పెడితే ఎట్లా?

భువనగిరి బస్టాండు ఎదురుగా ఒక వీడియో షాపు ఉండేది. గాజు తలుపు మీద పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వాళ్ల చుట్టూ గులాబీలు. షాపు భాయి కెమెరాను భుజాన పెట్టుకొని ఆ చుట్టుపక్కల ఎన్ని పెళ్లిళ్లకు తిరిగాడో లెక్క లేదు. నేను వెళ్లేసరికి తుడిచిన కెమెరానే మళ్లీ తుడుస్తున్నాడు. ఆషాఢం. ముహూర్తాలు లేవు. ఆ ఒక్క కారణంతో నాకు దొరికాడు.

"ఎవరి షాదీ సాబ్, గీ ఆషాఢంల?"

"షాదీ కాదు భాయ్. కంప్యూటర్‌ను తీయాలె."

"కంప్యూటర్‌ను? ఫోటో అయితే చాలదా? అది యాడికి కదుల్తది?"

చెప్పాను. పొద్దున మొదలుపెట్టి అది పడిపోయేదాకా తెరను వదలకుండా తీయాలి. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"శుక్రవారం ఖాళీనే. గని నాకు జుమ్మా నమాజు ఉన్నది. ఒంటిగంట లోపల మీ మిషన్ సస్తదా?"

"పన్నెండున్నరకే పోతది భాయ్."

"పక్కా?"

"రోజూ పోతాంది."

"అచ్ఛా. టయిముకు సచ్చే మిషన్‌ను నేనెన్నడు చూడలే" అన్నాడు, అభిమానంగా.

తెరను తీస్తే చాలదు. లోపల ఏం జరుగుతోందో కూడా తెలియాలి. ఇక్కడ కొంచెం సాంకేతికం చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. ఆ కాలపు కంప్యూటర్ బొమ్మలు గీయడానికి కావలసిన సామాను అంతా ఒక చిన్న బుట్టలో పెట్టుకునేది. అందులో కుంచెలు ఉండేవి. ప్రోగ్రాము ఒక గడికి రంగు వేయాలంటే ఒక కుంచె అడిగి తీసుకోవాలి, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. బుట్ట ఖాళీ అయితే మిషన్ గుడ్డిదవుతుంది. ఆ బుట్టలో ఎంత మిగిలిందో చూపించే ఒక చిన్న మీటరు రాసుకొని, తెరకు కుడివైపు కింది మూలలో పెట్టాను. ఒక్కటే అంకె. బుట్ట నిండుగా ఉంటే పెద్ద అంకె, తగ్గితే చిన్న అంకె. పని ఒకవైపు, ఆయాసం ఒకవైపు, రెండూ ఒకే టేపులో.

శుక్రవారం పొద్దున సంఘం గదిలో భాయి మూడు కాళ్ల స్టాండు నిలబెట్టాడు. కెమెరాలోంచి చూసి, "సాబ్, మీ టీవీ నడుమ నల్ల గీత దొర్లుతాంది" అన్నాడు. కెమెరా మీద ఏవో మీటలు తిప్పి గీతను ఆపాడు. ఆ తర్వాత అలవాటు కొద్దీ పెళ్లిళ్లలో వాడే పెద్ద లైటు తీసి, దాని ప్లగ్గును దగ్గరున్న డబ్బాలో గుచ్చాడు. ఆ డబ్బా కరెంటు పోతే కంప్యూటర్‌ను ఆదుకునేది. లైటు భళ్లున వెలిగింది. డబ్బా కీచుమంది. కంప్యూటర్, లైటు, ఫ్యాను, ముగ్గురూ ఒకేసారి కన్ను మూశారు.

"పన్నెండున్నర అన్నరు గద సాబ్," అన్నాడు భాయి చీకట్లోంచి, "తొమ్మిదికే పోయింది."

పెద్దాయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఊరికి పోవడం మొదలుపెట్టాక ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

అన్నీ మళ్లీ లేపి, లైటును దాని సంచీలో పెట్టించి, పెద్దాయనకు ఒక్కటే చెప్పాను. "తాతా, నేను బయట అరుగు మీద కూర్చుంట. మీరు రోజూ చేసినట్టే చేయండి. ఏమీ మార్చొద్దు. తప్పుంటే తప్పే చేయండి."

"తప్పు గూడ చేయాల్నా?"

"మీరు చేసే తప్పు చేయండి."

"యాది జేసుకొని తప్పు చేసుడు కష్టమే బిడ్డా" అని ఆయన తెర వైపు తిరిగాడు.

నేను అరుగు మీద కూర్చున్నాను. ఎదురింట్లోంచి మగ్గం చప్పుడు. భాయి ఒక్కోసారి బయటికి వచ్చి బీడీ వెలిగించి, "సాఫ్ నడుస్తాంది" అని చెప్పి పోయేవాడు. పదకొండయింది. పన్నెండయింది. పన్నెండున్నర దాటింది. మిషన్ బతికే ఉంది. పొద్దున లైటు గొడవలో పోయిన సమయాన్ని లెక్కలో కలపాలని నాకు తట్టలేదు. ఒక ప్రోగ్రాము చెడిపోవాలని అంతగా కోరుకున్నది జీవితంలో ఆ ఒక్క రోజే. భాయి టోపీ పెట్టుకొని గడియారం చూశాడు. "సాబ్, ఇగ నేను..." అంటుండగా లోపలి నుంచి పెద్దాయన గొంతు వినిపించింది.

"పాయె! పాయె సారూ! నల్లగైంది!"

ఎవరైనా చూసి ఉంటే మేము ముగ్గురం పండగ చేసుకుంటున్నాం అనుకునేవారు. భాయి టేపు తీసి నా చేతిలో పెట్టి, మసీదు వైపు పరుగెత్తాడు.

మర్నాడు భువనగిరి షాపులో టేపు చూశాం. అక్కడ ఒక పెళ్లివాళ్లు కూర్చొని ఉన్నారు. జ్యేష్ఠంలో పెళ్లయిన కొత్త పెళ్లికూతురు ఆషాఢానికి పుట్టింటికి వచ్చింది. వాళ్ల నాయిన, అవ్వ, ఆ పిల్ల, ముగ్గురూ క్యాసెట్టు కోసం వచ్చారు. "పది నిమిషాలు" అని వాళ్లకు చెప్పి భాయి మా టేపు పెట్టాడు. ఆ పది నిమిషాలు రెండు గంటలయ్యాయి.

టీవీలో ఎర్రటి గళ్లు. ఒక గడి తెల్లబడుతుంది. పసుపుబడుతుంది. మరో గడి తెల్లబడుతుంది. పసుపుబడుతుంది. కెమెరా మాటలు కూడా పట్టుకుంది. తను గొణుక్కుంటున్న సంగతి బహుశా పెద్దాయనకే తెలియదు. "ఉతుకు... పసుపు. ఉతుకు... పసుపు." తెల్లగా చేయడాన్ని ఆయన ఉతకడం అనుకునేవాడు.

"గిదెవల పెండ్లి?" అంది అవ్వ.

"పెండ్లి కాదవ్వా, కంప్యూటర్" అన్నాడు భాయి.

"పిల్ల ఏది మరి?"

నేను కుడి మూలలో అంకె మీద కళ్లు నిలిపాను. అది కొంచెం కొంచెంగా దిగుతోంది. కానీ దేనివల్ల దిగుతోందో చూద్దామని కన్ను నడుమకు తిప్పేలోపు ఆ గడి అయిపోతోంది. రెండు కళ్లూ ఒకేచోటికి పోతాయి కదా. ఎంతసేపు చూసినా అందలేదు.

"సాబ్, నువ్వు మూలకు చూడు. నేను నడుమ చూస్త" అన్నాడు భాయి. "పెండ్లిలనూ గట్లనే. ఒకరు పిల్లను చూడాలె, ఒకరు పంతులును చూడాలె. లేకుంటే తాళి తప్పిపోతది."

అట్లాగే చేశాం. అంకె దిగినప్పుడల్లా నేను "దిగింది" అనాలి. ఆ క్షణంలో తెర నడుమ ఏం జరిగిందో ఆయన చెప్పాలి.

"దిగింది."

"తెల్లగ."

కాసేపాగి, "దిగింది."

"తెల్లగ."

"దిగింది."

"తెల్లగ. గా పెద్దమనిషి 'ఉతుకు' అన్నప్పుడల్లా సాబ్."

"పసుపుకు?"

"పసుపుకు నువ్వు నోరు తెరుస్తలేవు."

తెల్లబోయాను. ఆ మాట నా జీవితంలో అంతకంటే సరిగ్గా ఇంకెప్పుడూ అతకలేదు.

ఎందుకంటే ఆ ప్రోగ్రాము రాసిన రోజు గుర్తొచ్చింది. రంగులన్నిటికీ కలిపి శుభ్రంగా రాశాను. కుంచె తీసుకో, వేయి, తిరిగి ఇవ్వు. తెలుపు దగ్గరికి వచ్చేసరికి, తెలుపంటే రంగా ఏమన్నానా, చెరిపేయడమే కదా, ఎవరు వాడతారులే అనుకొని, దానికి విడిగా ఒక తొందర ముక్క రాసి పడేశాను. అందులో తీసుకోవడం ఉంది. తిరిగి ఇవ్వడం లేదు. మేము హైదరాబాద్‌లో ఎన్నోసార్లు పరీక్షించాం. తెల్లటి గళ్ల మీద రంగులు వేసి చూశాం. తెల్లగా చేసి చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. చీరను నూలు నుంచి ఆలోచించే మనిషి మాలో ఒక్కరూ లేరు.

పెద్దాయన ఒక్కో పూటలో వందల గళ్లు ఉతికేవాడు. ఒక్కో ఉతుకుకూ ఒక కుంచె నా ప్రోగ్రాములో మాయమయ్యేది. భోజనం వేళకు బుట్ట ఖాళీ.

"దొరికిందా?" అన్నాడు భాయి.

"దొరికింది."

"ఎవరి తప్పు?"

నేను నా సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాను. ఆయన మళ్లీ అడగలేదు. పెళ్లిళ్లలో అన్ని రకాల ముఖాలూ చూసిన మనిషి.

"ఇగ మా పెండ్లి పెట్టుండ్రి," అంది అవ్వ, "గీ గళ్లు చూసి చూసి నాకు కండ్లు తిరుగుతున్నయి."

ఆదివారం హైదరాబాద్‌లో ప్రోగ్రాము దిద్దాను. కలిపింది ఒక్క వాక్యం. మేనేజరుకు చెప్తే నెత్తి పట్టుకున్నాడు. "సరేనండీ, దిద్దారు కదా. కొత్త హంగులు చేర్చామని చెప్పండి, బాగుంటుందండీ. తప్పని మాత్రం అనకండీ." కొత్త హంగులని చెప్తే మా పరువు నిలుస్తుంది. నా పాత ఉత్తరం కూడా నిలుస్తుంది. అది నిలిచినన్నాళ్లూ ఆ మోకాలు గుంటలో దిగుతుంది. సోమవారం బస్సులో కిటికీ పక్కన కూర్చొని కొత్త హంగులనే వాక్యాన్నీ, తప్పు అనే వాక్యాన్నీ భువనగిరి దాకా నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. నేనేమంత ధీరుణ్ని కాదు. ఉద్యోగం పోతుందేమోనని భయం కూడా వేసింది.

కమిటీలో పదిమంది. అధ్యక్షుడు నోట్లో పాన్ పెట్టుకొని తీర్మానాల పుస్తకం తెరిచి ఉంచాడు. పెద్దాయన తలుపు దగ్గర, గోడకు ఆనుకొని నిలబడ్డాడు. కూర్చోమంటే, కూర్చుంటే లేవలేనన్నాడు. భాయి టీవీ, వీసీఆర్ మోసుకొచ్చాడు. నేను పిలవలేదు. "నా పిక్చర్, నేను రానా?" అన్నాడు.

టేపు పెట్టాడు. ఆదివారం ఖాళీగా ఉండలేక దానికి సింగారం చేసినట్టున్నాడు. ముందు సన్నాయి మోగింది. తెర నడుమ ఒక తామరపువ్వు విచ్చుకుంది. ఆ పువ్వులోంచి పెద్దాయన ముఖం, దాని చుట్టూ మెరిసే చుక్కలు. కమిటీ అంతా విరగబడి నవ్వింది.

"తాతకు మళ్ల పెండ్లి చేస్తున్నవా భాయ్?" అన్నాడు అధ్యక్షుడు.

"పిల్ల దొరకాలె గద అధ్యక్షా" అన్నాడు పెద్దాయన తలుపు దగ్గరి నుంచి. కానీ ఆయన చెయ్యి మోకాలి మీదే ఉంది.

అప్పుడు గళ్లు వచ్చాయి. ఒకరిని మూల చూడమన్నాను, ఒకరిని నడుమ చూడమన్నాను. "దిగింది", "తెల్లగ". నాలుగుసార్లు అయ్యేసరికి మిగతావాళ్లు కూడా కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. కుంచెల బుట్ట సంగతి చెప్పాను. ఇక మిగిలింది ఒకే వాక్యం. కొత్త హంగులు అనేది నాలుక చివర దాకా వచ్చింది. పెద్దాయన నా వైపే చూస్తున్నాడు. ఇప్పటికీ ఆయన తన చేతిలో తప్పు ఎక్కడుందో నేను చూపిస్తాననే ఎదురుచూస్తున్నాడు.

"తీసుకున్న కుంచె వాపస్ ఇయ్యాలె. తెలుపు దగ్గర వాపస్ ఇచ్చుడు నేను మర్చిపోయిన" అన్నాను. "తాత చేతుల ఏ తప్పూ లేదు. ఆయన చేసిందే సరైన పద్ధతి. తప్పు నాది."

అధ్యక్షుడు ఫైల్లోంచి నా ఉత్తరం తీసి బల్ల మీద జరిపాడు. "మరి గిది?"

పెన్ను తీసి "వాడు వ్యక్తి యొక్క అలవాట్ల వలన" అన్నది కొట్టేశాను. దాని పైన "రాసిన వ్యక్తి మరుపు వలన" అని రాసి, సంతకం పెట్టాను. 'లోపమేమియు లేదు' అన్నదాంట్లో 'లేదు' కొట్టేసి 'ఉన్నది' అని రాశాను. 'లోపమేమియు ఉన్నది' అని వాక్యం వికారంగా తయారైంది. అట్లాగే వదిలేశాను. లోపంతోనే ఉండనీ అనిపించింది. అధ్యక్షుడు దాన్ని మళ్లీ ఫైల్లో పెట్టి, తీర్మానాల పుస్తకం మూసేశాడు.

పెద్దాయన కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ఏదైనా పెద్ద మాట అంటాడేమో అనుకున్నాను.

"పూటకు గన్ని వందల కుంచెలు తీసుకొని ఒక్కటి గూడ వాపస్ ఇయ్యకపోతివా బిడ్డా!" అన్నాడు. "మా ఇంట్ల అయితే మా అవ్వ చీపురుతోని కొట్టేది."

మా మేనేజరు చీపురు వాడలేదు. నాలుగు రోజులు 'అండీ' లేకుండా మాట్లాడాడు. అంతకంటే పెద్ద శిక్ష ఆయన దగ్గర లేదు. వరండాలో నా చోటు నాకే ఉండిపోయింది.

దసరా ముందు మళ్లీ ఆ ఊరికి వెళ్లాను, ఇంకేదో పని మీద. మిషన్ పడిపోవడం మానేసింది. సంఘం గది తలుపు తీసే ఉంది. పెద్దాయన తెర ముందు, కుడికాలు ఒక పీట మీద చాపుకొని పనిలో ఉన్నాడు. నేను వచ్చింది చూడలేదు. చప్పుడు చేయకుండా వెనక నిలబడ్డాను. కెమెరా లేకుండా ఆయన మామూలు పని నేను చూసింది ఆ ఒక్కసారే. గొణుగుడు వినిపిస్తోంది.

"ఉతుకు... ఎరుపు... వాపస్. ఉతుకు... ఎరుపు... వాపస్."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన తిరిగి చూశాడు.

"తాతా, కుంచె ఇప్పుడు ప్రోగ్రామే వాపస్ ఇస్తది. మీరు అనే పని లేదు."

"తెలుసు బిడ్డా."

"మరి? నా మీద నమ్మకం లేదా?"

"ఎందుకు లేదు, ఉన్నది." మౌస్‌ను రెండు వేళ్లతో మెల్లగా తర్వాతి గడి మీదికి జరిపాడు. "గిది వాడు వ్యక్తి యొక్క అలవాటు."

నా ఉత్తరంలోని ముక్కను ఆ గ్రాంథికంతో సహా అప్పజెప్పి, మళ్లీ తెర వైపు తిరిగాడు.

"ఉతుకు... పసుపు... వాపస్."